కొద్దిమంది, కొద్దిమందే

ఊళ్లో రక్తదాన శిబిరం జరిగింది. నడిపించిన కుర్రాడు ఇంగ్లీషులో నివేదిక రాస్తూ ‘ఫ్యూ పీపుల్ కేమ్ ఫార్వర్డ్’ అన్నాడు. నలుగురూ ముందుకొచ్చారని చెప్పడం అతని ఉద్దేశం. చదివినవాళ్లకు మాత్రం పెద్దగా ఎవరూ రాలేదని అర్థమవుతుంది. శిబిరం చక్కగా జరిగింది, కాగితం మీద దెబ్బతింది. ‘ఫ్యూ’కు ముందు ఒక్క ‘ఎ’ పడి ఉంటే ఆ కుర్రాడి కష్టం నిలబడేది.

సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే నాకు ఇలాంటి చిన్న మాటల మీదే మక్కువ ఎక్కువ. ఫ్యూ, లిటిల్, సమ్, ఎనీ, ఈచ్, ఎవ్రీ, నన్, సమ్‌బడీ, నోబడీ. పెద్ద మాట తెలియకపోతే నిఘంటువు చూసుకుంటాం. వీటికి నిఘంటువు చూస్తే ‘కొన్ని’, ‘కొంత’, ‘ఏదైనా’ అని ఉంటుంది గానీ ఎక్కడ ఏది వాడాలో తెలియదు. ఎందుకంటే ఇవి లెక్కతో పాటు, చెప్పేవాడు ఆ లెక్కను ఏ కంటితో చూస్తున్నాడో కూడా చెబుతాయి. ఆ చూపు మన తెలుగులో పుష్కలంగా ఉంది. అయినా తరగతి గదిలో ఆ మాట పిల్లలకు ఎవరూ చెప్పరు. వాళ్ల చేత సూత్రాలు వల్లె వేయిస్తారు.

‘కొద్దిమంది వచ్చారు’, ‘కొద్దిమందే వచ్చారు’. రెండు వాక్యాల్లోనూ వచ్చినవాళ్లు పన్నెండుమందే కావచ్చు. మొదటి వాక్యం వచ్చినవాళ్ల వైపు చూస్తుంది, రెండోది ఖాళీ కుర్చీల వైపు చూస్తుంది. తెలుగు చివర ఒక ‘ఏ’ చేర్చి చేసే పనిని ఇంగ్లీషు ముందున్న ‘ఎ’ తీసేసి చేస్తుంది. ‘ఎ ఫ్యూ’ అంటే కొద్దిమంది, ‘ఫ్యూ’ అంటే కొద్దిమందే. ‘లిటిల్’ సంగతీ ఇంతే. అమెరికాలో ఉన్న మేనల్లుడికి ఆసుపత్రి నుంచి మేనమామ సందేశం పెట్టాడనుకుందాం. ‘దేర్ ఈజ్ ఎ లిటిల్ హోప్’ అంటే ఆశ కొంచెం ఉంది, రేపటిదాకా చూద్దాం అని. ‘దేర్ ఈజ్ లిటిల్ హోప్’ అంటే ఉన్నపళంగా విమానం ఎక్కమని. రాసేవాడు వేలితో నొక్కే ఒక్క అక్షరం మీద అవతలివాడి ప్రయాణం ఆధారపడి ఉంటుంది.

తరాలుగా మన బడుల్లో నలిగిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ఈ భేదాన్ని శుద్ధంగానే చెబుతుంది. కానీ ఆ పుస్తకం మొదట ఇక్కడున్న ఆంగ్లేయ అధికారుల పిల్లల కోసం తయారైందంటారు. ఆ పిల్లలకు భేదం ముందే తెలుసు, పుస్తకం దానికి పేరు పెట్టింది, అంతే. మన పిల్లలకు పేరు ముందు వచ్చి భేదం తర్వాత రావలసి వచ్చింది. ఆ వరసను తిరగేసి, తెలుగులో భేదాన్ని ముందు పట్టుకోమనడమే నేను చేసే పని.

ఇక అనిశ్చయార్థక సర్వనామాలు. ఈ పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. ‘ఎవరు’ అనే ప్రశ్నకు ‘ఓ’ తగిలిస్తే ఎవరో, ‘ఐనా’ తగిలిస్తే ఎవరైనా, చివరి అచ్చును సాగదీస్తే ఎవరూ. ఏదో, ఏదైనా, ఏదీ. ఎక్కడో, ఎక్కడైనా, ఎక్కడా. ఇంత తీరైన అమరిక చేతిలో ఉన్నవాళ్లకు సమ్‌బడీ, ఎనీబడీ, నోబడీ ఎందుకు కష్టం కావాలి? మార్టిన్ హాస్పెల్‌మాత్ అనే జర్మన్ భాషాశాస్త్రవేత్త ఈ ఒక్క విషయం మీదే ఒక పుస్తకం రాశాడు. ఆక్స్‌ఫర్డ్ 1997లో దాన్ని ప్రచురించింది. 40 భాషలను నిశితంగా పోల్చి, ఈ మాటలు చేసే పనులు తొమ్మిదని తేల్చి, వాటన్నిటినీ ఒక పటంలా గీశాడు. ప్రశ్నపదాల నుంచి ఇలాంటి మాటలు పుట్టించుకునే భాషలు లోకంలో ఎన్నో ఉన్నాయి.

ఆ పటంలో మొదటి గీత ఎక్కడ పడిందో చూస్తే తెలుగువాడికి ఇట్టే అర్థమవుతుంది. ఆ మనిషెవరో మాట్లాడేవాడికి తెలుసా, తెలియదా? ఇంగ్లీషులో ‘సమ్‌వన్ టోల్డ్ మీ’ అంటే రెండూ కుదురుతాయి. పేరు తెలిసి దాచినా సమ్‌వనే, తెలియకపోయినా సమ్‌వనే. తెలుగులో ‘ఎవరో చెప్పారు’ అంటే చెప్పిందెవరో నాకూ తెలియదని. తెలిసి దాచేటప్పుడు మనం ‘ఒకాయన చెప్పాడు’, ‘తెలిసినవాళ్లొకరు చెప్పారు’ అంటాం. పత్రికలకు అనువాదాలు చేసేవాళ్లు ఇక్కడ మెలకువగా ఉండాలి. విలేకరికి బాగా తెలిసిన మనిషి ఇచ్చిన సమాచారం ‘ఎవరో చెప్పిన’ మాటగా మారితే వార్త బరువే తగ్గిపోతుంది.

‘ఎవరైనా’ ఇంచుమించు ఎనీబడీతో కలిసి నడుస్తుంది. ‘ఎవరైనా ఉన్నారా?’, ‘ఎవరైనా వస్తే చెప్పు’, ‘ఈ పని ఎవరైనా చేయగలరు’, మూడు చోట్లా ఎనీబడీ చక్కగా సరిపోతుంది. అతిథికి కాఫీ ఇవ్వబోతూ అడిగే చోట మాత్రం ‘సమ్’ మర్యాద. అడుగుతున్నది ప్రశ్నే అయినా ఔనంటారన్న నమ్మకం అందులో ఉంటుంది. ‘కొంచెం కాఫీ పుచ్చుకోండి’ అనడంలోని ‘కొంచెం’ అదే.

అసలు చిక్కు ‘ఎవరూ’ దగ్గర. ‘ఎవరూ రాలేదు’ అనే వాక్యాన్ని మన పిల్లలు ‘ఎనీబడీ డిడ్ నాట్ కమ్’ అని రాస్తారు, లేకపోతే ‘నోబడీ డిడ్ నాట్ కమ్’ అని. దీనికి వాళ్లను తిట్టి లాభం లేదు, కారణం చూపించాలి. తెలుగులో కాదనే మాట క్రియతో పాటు చివర వస్తుంది. ‘ఎవరూ’ దానికోసం వాక్యం చివరిదాకా ఎదురుచూస్తుంది. ఇంగ్లీషు ‘ఎనీ’కి ఆ ఓపిక లేదు. కాదనే మాట తనకన్నా ముందే వచ్చి ఉండాలి. అందుకే ‘నేను ఎవరినీ చూడలేదు’ అన్నది ‘ఐ డిడ్ నాట్ సీ ఎనీబడీ’గా నేరుగా దిగుతుంది, ఎందుకంటే అక్కడ ‘నాట్’ ముందుంది. కర్త స్థానంలో వాక్యం ‘ఎనీబడీ’తోనే మొదలవుతుంది కాబట్టి ఆ ముందు రావలసిన ‘కాదు’కు చోటు లేదు. అప్పుడు ‘నో’ను సర్వనామంలోకే ఎక్కించి, క్రియను మామూలుగా వదిలేయాలి. నోబడీ కేమ్. ఈ కారణం తెలిసిన పిల్ల నథింగ్, నోవేర్, నన్ దగ్గర కూడా తడబడదు.

‘అందరూ రాలేదు’ ఇంకో రకం. కొందరు వచ్చారు, కొందరు రాలేదని మనకు తెలుస్తుంది. దాన్ని ‘ఆల్ ఆఫ్ దెమ్ డిడ్ నాట్ కమ్’ అని దించితే ఇంగ్లీషు పాఠకుడు ఒక్కడూ రాలేదని అనుకోవచ్చు. ‘నాట్ ఆల్ ఆఫ్ దెమ్ కేమ్’ అంటే ఏ గొడవా ఉండదు. ఇద్దరిలో ఒక్కరూ రాకపోతే ‘బోత్ డిడ్ నాట్ కమ్’ అనే బదులు ‘నైదర్ కేమ్’ అనాలి. కాంట్రాక్టులు, ఫిర్యాదులు, దర్యాప్తు నివేదికలు రాసేవాళ్లు మిగతావన్నీ మర్చిపోయినా ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

తెలుగు చెయ్యిపట్టి తప్పుదారికి తీసుకెళ్లే చోట్లూ ఉన్నాయి. ‘కుక్కర్లో ఎన్ని నీళ్లు పోశావు?’, ‘ఎన్ని పాలు పోయమంటారు?’, ‘డబ్బులు ఎన్ని ఉన్నాయి?’ అని అడుగుతాం. నీళ్లు, పాలు, డబ్బులు మనకు బహువచనాలు. ఆ ‘ఎన్ని’ని పట్టుకుని పిల్లవాడు ‘హౌ మెనీ వాటర్’ అంటాడు. లెక్కపెట్టగలిగేదీ లెక్కపెట్టలేనిదీ అన్న తేడా తెలుగుకు తెలియదనుకుంటే పొరపాటు. ఎంత, ఎన్ని, ఎంతమంది అని మనకు మూడున్నాయి. మనుషులకు విడిగా ఒక మాట పెట్టుకున్నాం, ఇంగ్లీషు మనుషులకూ మామిడిపళ్లకూ ఒకే ‘మెనీ’ వాడుతుంది. గీత రెండు భాషల్లోనూ ఉంది, గీసిన చోటే వేరు. సలహాలు, సామాన్లు, హోంవర్కులు, సమాచారాలు అని మనం బహువచనంలో తలచుకునేవన్నీ ఇంగ్లీషులో ‘మచ్’ వైపు ఉంటాయి. ఆ జాబితాను మాత్రం వల్లె వేయక తప్పదు.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అన్నది చెవిన పడినప్పుడల్లా నాకు ఆశ్చర్యం. ‘నా స్నేహితుల్లో ఒకడు వచ్చాడు’ అని ఏ తెలుగువాడైనా అంటాడు. స్నేహితుల్లో అన్నది బహువచనం, వచ్చాడు అన్నది ఏకవచనం. తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే చాలు, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ హాజ్ కమ్’ అని వచ్చి తీరుతుంది. లెస్, ఫ్యూయర్ గొడవను నేను పెద్దగా పట్టించుకోను. లెక్కపెట్టగలిగే వాటికి ‘ఫ్యూయర్’ అయితే బాగుంటుందని 1770లో రాబర్ట్ బేకర్ తన అభిరుచిగా రాసుకున్నాడు, తర్వాతివాళ్లు దాన్ని శాసనం చేశారు. 2008లో బ్రిటన్‌లోని టెస్కో దుకాణాలు ‘టెన్ ఐటమ్స్ ఆర్ లెస్’ అన్న బోర్డుల మీద వాదన పెరగడంతో ‘అప్ టు టెన్ ఐటమ్స్’ అని మార్చి ఊపిరి పీల్చుకున్నాయి. పరీక్షలో ‘ఫ్యూయర్’ రాయండి, చాలు.

ఈ చిన్న మాటలకు ఎంత శక్తి ఉందో చూడాలనుకునే వాళ్లకు నేను భారత రాజ్యాంగం మూడో భాగం చూపిస్తాను. 14వ అధికరణంలో ‘ఎనీ పర్సన్’ అని ఉంది. 19వ అధికరణం ‘ఆల్ సిటిజన్స్’తో మొదలవుతుంది. 21వది ‘నో పర్సన్’తో మొదలవుతుంది. భావప్రకటన స్వేచ్ఛ పౌరులందరికీ. చట్టం ముందు సమానత్వం, ప్రాణరక్షణ ఏ మనిషికైనా, అతను పౌరుడు కాకపోయినా సరే. అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు, వాళ్ల ప్రాణాలను కాపాడే బాధ్యత రాష్ట్రానిదేనని చెప్పింది. ‘నో పర్సన్’ స్థానంలో ‘నో సిటిజన్’ ఉండి ఉంటే ఆ తీర్పుకు దారి అంత సూటిగా దొరికేది కాదు. మాటలను ఏరుకున్నవాళ్లు ఎంత శ్రద్ధగా ఏరుకున్నారో తలచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అదే 21వ అధికరణంలో ‘నో పర్సన్’ తర్వాత ‘హిజ్’ వస్తుంది. అంటే స్త్రీలకు ప్రాణరక్షణ లేదా? ఉంది. పురుషవాచకాలు స్త్రీలకూ వర్తిస్తాయని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది, రాజ్యాంగాన్ని అర్థం చేసుకోవడానికి ఆ చట్టం పనికొస్తుందని 367వ అధికరణం చెబుతుంది. ఆ అలవాటు బ్రిటన్ నుంచి వచ్చింది. 1850లో అక్కడి పార్లమెంటు ఇదే మాటను చట్టంగా చేసింది. అంతకు ముందు వందల ఏళ్లుగా ఇంగ్లీషువాళ్లు ఎవరో తెలియని ఒక్క మనిషి గురించి ‘దే’, ‘దెయిర్’ అనే వాడుతున్నారు. షేక్‌స్పియర్ వాడాడు, జేన్ ఆస్టిన్ వాడింది. ‘హిజ్’ అనే నియమాన్ని మధ్యలో వ్యాకరణకర్తలు తెచ్చారు. ఇప్పుడు వాడుక మళ్లీ పాత దారికి చేరింది. పరిశోధనా పత్రాల రచనకు ప్రమాణంగా వాడే ఎ.పి.ఎ. శైలీగ్రంథం 2019లో వచ్చిన ఏడో ముద్రణలో ఏకవచన ‘దే’ను ఆమోదించింది.

తెలుగువాళ్లకు ఇందులో కొత్తేముంది? ‘ఎవరో ఫోన్ చేశారు, పేరు చెప్పలేదు, మళ్లీ చేస్తామన్నారు’ అంటాం. ఫోన్ చేసింది ఒక్కరే. ఆడో మగో తెలియదు, కాబట్టి ‘రు’. ‘సమ్‌బడీ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా’ అన్న వాక్యం మన నాలుకకు పరాయిది కాదు. జాగ్రత్త పడవలసింది క్రియ దగ్గరే. ‘అందరూ వచ్చారు’ అనే అలవాటుతో ‘ఎవ్రీవన్ హావ్ కమ్’ అంటాం. ‘ఎవ్రీ’ని ‘అందరూ’కు బదులు ‘ప్రతి’తో జతచేసి తలచుకుంటే ఈ తప్పు పోతుంది. ‘ప్రతి బస్సూ ఇక్కడ ఆగుతుంది’ అంటాం గానీ ‘ఆగుతాయి’ అనం. కాబట్టి ‘ఎవ్రీవన్’ తర్వాత క్రియ ఏకవచనంలో, ఆ తర్వాత వచ్చే సర్వనామం ‘దెయిర్’. ‘ఎవ్రీవన్ హాజ్ టు బ్రింగ్ దెయిర్ హాల్ టికెట్’ అని రాసిన పిల్ల పేపరులో ‘దెయిర్’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి అరమార్కు కోసే ఉపాధ్యాయులు ఇంకా ఉన్నారు. ఈ ఏడాది దిద్దే పేపర్లలో ఆ అరమార్కు పిల్లలకు వదిలేయమని వాళ్లను అడుగుతున్నాను.