ఒకసారి ఉప్పు చూసి చెప్పు

తెలుగువాళ్లు ఉప్పు చూస్తారు. రుచి చూస్తారు, వాసన చూస్తారు, నాడి చూస్తారు. చీర కొనేముందు పట్టి చూస్తారు, పాట బాగుందంటే విని చూస్తారు. కంటితో పనిలేని చోట కూడా చూడటం అనే క్రియ వచ్చి కూర్చుంటుంది. నాలుకకు తగలడం వేరు, నాలుకతో చూడటం వేరు. మొదటిది ఎవరికైనా జరుగుతుంది, రెండోది పని. మనస్తత్వ శాస్త్రం వాళ్లు వీటికి సంవేదన, ప్రత్యక్షం అని పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లు వింటే నిద్రొస్తుంది కానీ, వాటి మధ్య తేడా మాత్రం వంటింట్లో రోజూ తగువులు పెడుతూనే ఉంటుంది.

ఈ కాలమిస్టుకు ఆ తేడా మొదట చూపించింది వాళ్ల పెద్దమ్మ. ఆవకాయ పెట్టిన మూడో రోజు అది. జాడీ వాసెన విప్పి, ముక్కల్ని అడుగు నుంచి పైకి తిరగకలిపి, ఉప్పు చూడాలి. గంట నుంచి ఆ ఘాటులో చేతులు పెట్టి కలుపుతున్న మనిషి తను మాత్రం నాలుకకు రాసుకునేది కాదు. వీధిలో గోళీలాడుతున్న పిల్లవాణ్ని కేకేసేది.

"ఒరేయ్, నోరు పుక్కిలించి రా."

వచ్చాక వేడన్నంలో ఇంత ఊట కలిపి, గోళీకాయంత ముద్ద నోట్లో పెట్టేది.

"ఉప్పెలా ఉంది?"

"సరిపోయింది పెద్దమ్మా."

"సరిపోయిందంటే చాలలేదన్నమాటే," అని ఇంకో గుప్పెడు వేసేది. మూడో రోజున ఉప్పు ఒక పిసరు ఎక్కువ అనిపించాలి. ముక్క ఇంకా పీల్చుకోవలసింది ఉంటుంది కదా.

అప్పట్లో ఇదంతా చాదస్తంలా కనిపించింది. ముప్పై ఏళ్ల తర్వాత నగరంలో, అపార్టుమెంటు వంటింట్లో, ఆ పిల్లవాడే పెద్దవాడై సొంతంగా ఆవకాయ పెట్టాడు. ఎవర్నీ పిలవలేదు. తనే రుచి చూశాడు, తక్కువనిపించింది, వేశాడు. మళ్లీ చూశాడు, ఇంకా తక్కువే అనిపించింది, ఇంకొంచెం వేశాడు. అలా ఐదారుసార్లు. నెలకు జాడీ తెరిస్తే ఉప్పుకషాయం. ఆ ఏడాదంతా ఇంటిల్లిపాదీ దాన్ని ముద్దపప్పు చాటున మింగారు.

తప్పు ఉప్పుది కాదు, కొలిచిన నాలుకది. ఉమ్మిలో ఎప్పుడూ కాస్త ఉప్పు ఉంటుంది. నాలుక దానికి అలవాటుపడి ఉంటుంది కాబట్టి అది మనకు తెలియదు. నోట్లోకి వచ్చేదాన్ని నాలుక ఆ అలవాటుతో పోల్చి చెబుతుంది తప్ప, సున్నా నుంచి లెక్కపెట్టదు. వరసగా ఉప్పటివి చూస్తూ పోతే ఆ అలవాటే పైకి జరుగుతుంది, నిన్నటి ఉప్పన ఇవాళ చప్పన అవుతుంది. అత్తరు కొట్టువాడికి అత్తరు వాసన తెలియకపోవడం, లడ్డు తిన్నాక తాగిన కాఫీలో పంచదార మాయమవడం, అన్నీ ఈ కోవలోవే. ఉసిరికాయ కొరికి నీళ్లు తాగితే తియ్యగా ఉండటం పల్లెల్లో ప్రతి పిల్లకీ తెలుసు. లిండా బార్తోషుక్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1972లో ఆర్టిచోక్ అనే కూరగాయతో ఇలాంటి సంగతే పరీక్షించి చూపారు. అది తిన్నాక మామూలు నీళ్లు చాలామందికి తియ్యగా తగిలాయి. నీళ్లలో తీపి ఏమీ కలవలేదు. మారింది నాలుక.

పెద్దమ్మ పుక్కిలించమన్నది అందుకే. ఆమె లైప్‌జిగ్ వెళ్లలేదు గానీ, లైప్‌జిగ్ ప్రొఫెసర్లు చేసిందీ దాదాపు ఇదే.

జర్మనీలోని ఆ ఊళ్లో ఎర్నెస్ట్ వేబర్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు మనుషుల చేతుల్లో బరువులు పెట్టి, ఏది ఎక్కువో చెప్పమనేవాడు. 1834లో అచ్చయిన ఆయన పుస్తకంలో తేలినది ఇది: మనిషి బరువును పసిగట్టడు, బరువుల మధ్య నిష్పత్తిని పసిగడతాడు. వంద గ్రాములు ఎత్తిన చేతికి ఇంకో రెండు గ్రాములు కలిపితే తేడా తెలుస్తుందనుకుందాం. కిలో ఎత్తిన చేతికి అవే రెండు గ్రాములు కలిపితే ఏమీ తెలియదు, ఇరవై కలపాలి. ఆ ఊరివాడే గుస్తావ్ ఫెక్నర్ దీన్ని లెక్కల సూత్రంగా మలిచి 1860లో పెద్ద పుస్తకం వేశాడు. ఫెక్నర్ కథ విడిగా ఒక నవల. రంగుటద్దాల్లోంచి సూర్యుణ్ని చూసి చూసి కళ్లు పాడుచేసుకున్నాడు, భౌతికశాస్త్ర పీఠం వదులుకున్నాడు, ఏళ్ల తరబడి చీకటిగదిలో గడిపాడు. 1850 అక్టోబర్ 22 ఉదయం మంచం మీద ఉండగానే ఆయనకు ఆ ఆలోచన తట్టింది. మనస్సును కొలిచే శాస్త్రం వాళ్లు ఇప్పటికీ ఆ తేదీని పండగలా జరుపుకుంటారు.

ఈ సూత్రాన్ని చారుకూ ఆవకాయకూ వేసి చూడండి. చారులో చిటికెడు ఉప్పు ఎక్కువైతే ఇల్లంతా గోల. ఆవకాయలో చిటికెడు కాదు, చెంచాడు ఎక్కువైనా ఎవరూ పట్టుకోలేరు. అసలే ఉప్పుమయం, అందులో ఇంకో చెంచా ఎంత? అందుకే చారు పెట్టేవాళ్లకు చెయ్యి తేలిగ్గా ఉండాలి, ఊరగాయ పెట్టేవాళ్లకు కొలత ఉండాలి. పెద్దమ్మ అన్నంలో కలిపి పెట్టడంలోనూ లెక్క ఉంది. వట్టి ఊటలో ఉప్పు, కారం, ఆవఘాటు మూడూ కలిసి నాలుకను కమ్మేస్తాయి. ఆవకాయను ఎవరూ వట్టిగా తినరు కదా, తినేటట్టుగానే చూడాలి.

ఇక కారం. ఉగాది పచ్చడిలో షడ్రుచులని లెక్క చెబుతాం. అందులో తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుక మీది రుచిమొగ్గలకు తెలిసేవి. వగరులో ఎక్కువ పాలు స్పర్శ, నోరు పీక్కుపోయినట్టుండే బిగువు. కారం అయితే రుచిమొగ్గల జోలికే పోదు. నమ్మకపోతే కారం కొట్టించిన రోజు చేతులు చూసుకోండి. రోటి దగ్గర కూర్చున్నవాళ్ల అరచేతులు సాయంత్రం దాకా భగభగమంటాయి, పొరపాటున కళ్లు నలుపుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. అరచేతికి పంచదార తీపి తెలియదు, ఉప్పు ఉప్పన తెలియదు. కారం మాత్రం తెలుస్తుంది. చర్మానికి తెలిసేదాన్ని రుచి అనడం ఎలా?

అది మంట. తెలుగులో పొయ్యికీ, మిరపకాయకీ, పుండుకీ ఒకటే మాట. అది కవిత్వం కాదని 1997లో రుజువైంది. కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయలోని క్యాప్సైసిన్ ఏ తలుపు తడుతోందో కనిపెట్టింది. నరాల చివర ఉండే ఆ తలుపు పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల వేడి తగిలినా అది తెరుచుకుంటుంది, మిరపకాయ తగిలినా తెరుచుకుంటుంది. లోపల మెదడుకు చేరేది ఒకటే కబురు: కాలుతోంది. అందుకే చెమట, కన్నీళ్లు, ముక్కు కారడం. నోరు నిజంగా కాలదు, కాలుతోందని ఒళ్లు నమ్ముతుంది. స్పర్శ రహస్యం విప్పిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పిప్పరమెంటు చల్లదనం కూడా ఇలాంటి మాయే, దానిది ఇంకో తలుపు.

పక్షుల్లో ఈ తలుపు క్యాప్సైసిన్‌కు తెరుచుకోదు. పంజరంలో చిలక పచ్చిమిరపకాయను జామపండులా కొరుక్కు తినేది అందుకే. పళ్లున్న జంతువులు గింజల్ని నమిలి పాడుచేస్తాయి, పక్షులు మింగి దూరంగా విసర్జిస్తాయి. మిరపమొక్కకు ఎవరిని తరమాలో, ఎవరిని రానివ్వాలో తేడా కలిసొచ్చింది. అలా తరిమించుకున్నవాళ్లలో మనుషులొక్కరే తిరిగొచ్చి ఇంకో బజ్జీ అడిగారు. మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి చేరక ముందు ఇక్కడ కారమంటే మిరియాలే. ఆ పేరును సాగదీసి కొత్త కాయకు పెట్టుకున్నాం. ఇవాళ గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టిన కొత్తవాడు మూడు తుమ్ములు తుమ్మకుండా నాలుగు అడుగులు వెయ్యలేడు.

పాల్ రోజిన్ అనే అమెరికా మనస్తత్వవేత్తకు ఇక్కడే సందేహం వచ్చింది. బాధపెట్టేదాన్ని మనిషి ఇష్టపడటమేమిటి? ఆయన మెక్సికోలోని ఒక పల్లెకు వెళ్లి చూశాడు. చిన్నపిల్లలకు కారం పడదు, ఐదారేళ్లు దాటేసరికి వాళ్లే అడిగి వేయించుకుంటున్నారు. ఆ ఇళ్ల ఎంగిలి మెతుకుల్లో రోజూ కారం తినే కుక్కలకూ పందులకూ మాత్రం ఎన్నేళ్లయినా దాని మీద మోజు పుట్టలేదు. ప్రాణం మీదికి రాదని తెలిసిన బాధలో మనిషికి ఒక సరదా ఉందన్నాడాయన. రంగులరాట్నం ఎక్కి కేకలు పెట్టేవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఈ మంటను కొలవాలని 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు ఒక పద్ధతి పెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ పోవడం, ఐదుగురు మనుషులకు ఇచ్చి మంట ఎప్పుడు తెలియకుండా పోతుందో చూడటం. ఎన్ని రెట్లు పలచన చేస్తే అంత అంకె. చిక్కేమిటంటే నాలుగు చుక్కలు చూసేసరికి ఆ ఐదు నాలుకలూ మొద్దుబారేవి. ఇప్పుడు ఆ కొలత యంత్రాలు చేస్తున్నాయి. వాటికి పుక్కిలించే పని లేదు.

మనుషులం ఇంకా కంటితోనే కొలుస్తున్నాం. బజారులో కారప్పొడి ఎర్రగా ఉంటే ఘాటనుకుంటాం. కర్ణాటక నుంచి వచ్చే బ్యాడగి మిర్చి నెత్తురంత ఎరుపు, ఘాటు మాత్రం అంతంతే. పచ్చడికి రంగు రావాలంటే దాన్నే కలుపుతారు. విస్తట్లో ఆ ఎరుపు చూడగానే నీళ్ల గ్లాసు దగ్గరికి జరుపుకునేవాళ్లున్నారు. (నీళ్లతో లాభం లేదు, క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. మజ్జిగ నయం.) ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఇదే మోసం ద్రాక్షసారా చదువు చదివే 54 మంది మీద జరిగింది. తెల్ల ద్రాక్షసారాలో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాన్ని ఎర్రసారాకు వాడే మాటలతో వర్ణించారు. 2001లో ఆ పరిశోధన అచ్చయింది. వాళ్ల ముక్కులకు లోపమేమీ లేదు, కళ్లు ముందే తీర్పు చెప్పేశాయి, అంతే.

ముక్కు సంగతి ఎత్తాం కాబట్టి ఒక చిన్న పని. రేపు పొద్దున ఫిల్టర్ కాఫీ మొదటి గుక్క ముక్కు గట్టిగా మూసుకుని తాగండి. వేడి తెలుస్తుంది, చేదు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది. కాఫీ తెలియదు. ముక్కు వదలగానే గొంతు వెనక నుంచి వాసన పైకి పాకి, కాఫీ వచ్చి నాలుక మీద కూర్చున్నట్టు ఉంటుంది. రుచి అని మనం నాలుక ఖాతాలో రాసేదాంట్లో పెద్ద వాటా ముక్కు కష్టార్జితం. కోవిడ్ సమయంలో రుచి పోయిందన్న వాళ్లలో చాలామందికి పోయింది వాసన. ఇక నాలుక కొసన తీపి, వెనక చేదు అని బడి పుస్తకంలో గీసిన పటం సంగతి. 1901లో ఒక జర్మన్ చేసిన ప్రయోగంలోని చిన్న చిన్న తేడాలను తర్వాతివాళ్లు గోడలు చేసి గీసిన బొమ్మ అది. కాస్త ఉప్పు తీసి నాలుక కొసన పెట్టుకుంటే ఆ పటం చెరిగిపోతుంది. అయినా ఇంకా పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటుంది.

ఒకరి నాలుక ఇంకొకరిది కాదన్నది కూడా వంటవాళ్లకు పాత సంగతే, శాస్త్రానికి మాత్రం యాదృచ్ఛికంగా దొరికింది. 1931లో డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ ఒక పొడి సీసాలో పోస్తుంటే అది గాల్లోకి లేచింది. పక్కన పనిచేస్తున్న ఆయన చేదు చేదు అని మొత్తుకున్నాడు. ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. ఇద్దరూ వాదించుకుని, పొడి నాలుక మీద వేసుకుని మరీ చూసుకున్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ తేడా తల్లిదండ్రుల నుంచి వస్తుందని తర్వాత తేలింది, దానికి కారణమైన జన్యువు 2003లో దొరికింది. భోజనాల దగ్గర కూర చేదుగా ఉందని ఒకరు, లేదని ఒకరు పోట్లాడుకుంటే ఇద్దరిలో ఎవరో అబద్ధమాడుతున్నారనుకోవక్కర్లేదు.

పుట్టుకతో వచ్చిన నాలుక కూడా అలాగే ఉండిపోదు. పోయిన ఏడు ఈ కాలమిస్టుకు బీపీ ఉందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు ఐదు గ్రాముల లోపు. ఊరగాయ తినే ఇంట్లో ఆ అంకె మధ్యాహ్నానికే దాటిపోతుంది. మొదటి నెల తిన్నదంతా గడ్డి. రెండో నెల కూరలో బెండకాయ రుచి బెండకాయలా తెలిసింది. నాలుగో నెల పెళ్లి భోజనంలో సాంబారు నోట్లో పెట్టుకోలేకపోయాడు. అమెరికాలో 1982లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఐదు నెలలు ఉప్పు తగ్గించి తిన్న యువకులకు ఇలాగే జరిగింది. వాళ్లకు నచ్చే ఉప్పు మోతాదే కిందికి దిగింది. బీపీ ఉన్నవాళ్లు మొదటి నెల దగ్గరే ఆగిపోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి కబురు లేదు.

దీంతో ఇంట్లో ఒక ఉద్యోగం మాత్రం ఊడింది. ఈ వేసవిలో ఆవకాయ మూడో రోజున అతను ఉప్పు చూసి, ఎక్కువైందన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఎదురింటి అబ్బాయిని పిలిచి, నోరు పుక్కిలించమని, వేడన్నంలో కలిపి పెట్టారు. సరిపోయింది ఆంటీ అన్నాడు వాడు. ఇంకో గుప్పెడు వేశారు.