ఆరోపణకూ తీర్పుకూ మధ్య

2023 ఆగస్టు 4న అంగళ్లులో, ఆ తర్వాత పుంగనూరు బైపాస్‌లో ఏం జరిగిందని చౌడేపల్లెలో పదిమందిని అడగండి. వినిపించేవి రెండే కథలు. చంద్రబాబు నాయుడు ప్రాజెక్టుల పర్యటనకు వస్తే వైసీపీ వాళ్లు రాళ్లు వేశారు, పోలీసులు దారి ఇవ్వలేదు అనేది ఒకటి. తెలుగుదేశం వాళ్లే పథకం ప్రకారం పోలీసుల మీద పడ్డారు, వాహనాలు తగలబెట్టారు అనేది రెండోది. చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. వాళ్లు చదివే పత్రిక, చూసే చానెల్ సగం సంగతే ఇంటికి తెచ్చాయి.

కుప్పంలో చంద్రబాబు 1989 నుంచి ఓడిపోలేదు. చౌడేపల్లె ఉన్న పుంగనూరు నియోజకవర్గంలో వైసీపీ నేత పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి 2009 నుంచి వరుసగా నాలుగుసార్లు గెలిచారు. ఇద్దరూ పాత చిత్తూరు జిల్లా వాళ్లే. ఇంత కాలం మన మధ్య అధికారం చలాయించిన మనుషుల గురించి, రెండు వర్గాల వాళ్లూ వేలెత్తి చూపలేని రాత ఒకటి ఉండాలి కదా! అలా రాసే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు.

రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించారు. కరణాల దగ్గరున్న కవిలెలు చూశారు, శాసనాలకు నకళ్లు రాసుకున్నారు, పెద్దలు చెప్పింది విన్నారు. పాళెగాడు చెరువు తవ్వించిన సంగతీ, కొల్లగొట్టిన సంగతీ ఆ రాతల్లో పక్కపక్కనే కనిపిస్తాయి. కరణం తన ఇనాముకు పనికొచ్చేలా చెప్పిన చోట్లూ ఉన్నాయి. అయినా ఆ సమాచారం ఎక్కడిదో తెలుస్తుంది కాబట్టి ఎంతవరకు నమ్మాలో మనం తేల్చుకోగలం. నాయకుల గురించి రాసేవాళ్లకు నేను మొదట చూపించేది ఈ గుణాన్నే: ఏ మాట ఎవరి నోట వచ్చిందో వాక్యంలోనే కనబడాలి.

ఇప్పటి కవిలె ఎన్నికల అఫిడవిట్. 2002, 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, కేసులు ప్రమాణం చేసి చెప్పాల్సి వచ్చింది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. దాన్ని చదవడానికి మాత్రం ఓపిక కావాలి. ఐదేళ్లలో ఆస్తి ఇన్ని రెట్లు పెరిగింది అని శీర్షిక పెట్టడం తేలిక. అదే చేను, అదే ఇల్లు మార్కెట్ ధర పెరిగి అంత కనిపిస్తోందా, మధ్యలో కొత్తగా కొన్నారా? కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి విలువ, వారసత్వమా స్వార్జితమా అన్నవి ఆ ఫారంలోనే వేరువేరుగా ఉంటాయి. పెండింగు కేసులు ఒకచోట, శిక్ష పడినవి మరోచోట ఉంటాయి. రెండూ కలిపి ఒకే సంఖ్య వేస్తే అభ్యర్థికీ ఓటరుకూ ఇద్దరికీ అన్యాయమే.

భూమి గొడవైతే అడంగల్, 1బీ, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, 22ఏ నిషేధిత జాబితా, చివరికి ఆర్‌ఎస్‌ఆర్ దాకా వెళ్లాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టిన భూములే చుక్కల భూములు. ఈ కాగితాలు అధికారులు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

నాయకుల గురించి రాసే ఈ పనిలో అసలు నైపుణ్యం కేసు ఏ మెట్టు మీద ఉందో ఆ మెట్టుకు తగిన క్రియాపదం వాడటం. ఎఫ్‌ఐఆర్ అంటే ఫిర్యాదు నమోదైందని మాత్రమే. ఏ1, అంటే మొదటి నిందితుడు, అని రాసినంత మాత్రాన ఎవరూ దోషి కారు. అంగళ్లు కేసులో చంద్రబాబును ఏ1గా చూపారు. 2023 అక్టోబరులో హైకోర్టు ముందస్తు బెయిలు ఇచ్చింది. ఆ బెయిలుతో ఆయన నిర్దోషి అని తేలిందని రాసినా తప్పే. ఛార్జిషీటు పోలీసుల వాదన. కోర్టు అభియోగాలు నమోదు చేయడం ఇంకో మెట్టు. పోలీసుల ఎదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని చట్టం చెబుతున్నా, ‘నేరం ఒప్పుకున్నాడు’ అన్న శీర్షికతో పాఠకుడి మనసులో కేసు ముగిసిపోతుంది. చంద్రబాబు మీద పెట్టిన స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో దర్యాప్తుకు ముందస్తు అనుమతి కావాలా అన్న అవినీతి నిరోధక చట్టం 17ఏ సెక్షన్ ప్రశ్నపై 2024 జనవరి 16న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో అభిప్రాయం చెప్పారు. ఆ రోజు ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. ఆ మాటను అలాగే రాయాలంటే కొంచెం ధైర్యం కావాలి, ఎందుకంటే రెండు వర్గాలకూ అది రుచించదు.

ఆరోపణకు గురైన మనిషి మాట కూడా రాతలో భాగమే. పేజీ అచ్చుకు వెళ్లే ముందు ఫోన్ చేసి, ‘స్పందించలేదు’ అని రాయడాన్ని వివరణ అడగడం అనరు. ఏ ఆరోపణకు జవాబు కావాలో ముందే చెప్పాలి, కాగితాలు వెతుక్కునే వ్యవధి ఇవ్వాలి, వచ్చిన జవాబును ఆరోపణ పక్కనే వేయాలి. పదవి లేని భార్యాపిల్లల్ని, బంధువుల్ని, ఆ లావాదేవీలో వాళ్ల పాత్ర కాగితం మీద కనబడితే తప్ప, లాగకూడదు.

ఈ పద్ధతికి పరీక్ష పెట్టిన ఘటన ఒకటి చెబుతాను. 2024 జూలై 21 ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచాయి. రెండు వేలకు పైగా ఫైళ్లు కాలిపోయాయని అధికారులు చెప్పారు. ఇది ప్రమాదం కాదన్న అనుమానాన్ని మర్నాడే డీజీపీ స్వయంగా వచ్చి చూసి బయటపెట్టారు. కేసు సీఐడీకి వెళ్లింది. అప్పటి అధికార పక్షం తెలుగుదేశం పెద్దిరెడ్డి వర్గం వైపు వేలు చూపింది. ఆయన ఆరోపణలను ఖండించారు. ఇక్కడిదాకా నేను ఏ తడబాటూ లేకుండా రాయగలను, ఎందుకంటే ప్రతి వాక్యానికీ చెప్పినవాళ్లు ఉన్నారు. ‘ఫలానావాళ్లు తగలబెట్టించారు’ అన్న వాక్యానికి మాత్రం తీర్పు కావాలి.

ఇలాంటి కేసుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది కింది ఉద్యోగుల సంగతి. పెద్దవాళ్లను ‘ఓ మాజీ మంత్రి’, ‘కీలక నేత’ అని దాచిపెట్టి, అటెండరు పేరు, ఊరు, తండ్రి పేరు అచ్చువేస్తారు. పరువు నష్టం దావా వేయగల మనిషికి మినహాయింపు, వేయలేని మనిషికి బజారు! అధికారాన్ని బట్టి బహిరంగ పరిశీలన పెరగాలి. ఇక్కడ జరుగుతున్నది తలకిందులు.

మంటల తర్వాత రెవెన్యూ ఉన్నతాధికారి మదనపల్లెలో భూ సమస్యల మీద అర్జీలు తీసుకుంటే జనం బారులు తీరారు. రాజకీయ వార్త ఆ రోజుతో నాయకుల మధ్య మాటల యుద్ధంగా మారిపోయింది, అర్జీదారులు వెనక్కి వెళ్లిపోయారు. ఈ వ్యవహారానికి నమ్మకమైన చరిత్ర రాయదలచినవాళ్లు వాళ్లతోనే మొదలుపెట్టాలి. కాలినవి ఏ ఊళ్లవి, ఏ సర్వే నంబర్లవి? వాటి నకళ్లు తహసీల్దారు కార్యాలయాల్లో ఎన్ని దొరికాయి? ఇచ్చిన అర్జీల్లో ఎన్ని పరిష్కారమయ్యాయి? ఇవి ఏ పార్టీనీ అడగక్కర్లేని ప్రశ్నలు. పుంగనూరు, మదనపల్లె మండలాల్లో ఒక్కొక్క కార్యాలయానికి దరఖాస్తు పెట్టి అడగాల్సినవి, జవాబు రాకపోతే మళ్లీ అప్పీలు వేసి అడగాల్సినవి.