బడి గెలిచిందని ఎట్లా తెలుస్తుంది?

పదో తరగతి ఫలితాలు రాగానే బడి గేటుకు ఫ్లెక్సీ కడతారు. ఎంతమంది పాసయ్యారు, ఎవరికెన్ని మార్కులు - విజయమంటే ఇదేనన్న మాట మన వాడల్లో కూడా పాతుకుపోయింది. ఈ కొలతను మేము ఒప్పుకోలేకపోతున్నాం. ఎందుకో చెప్పాలంటే ఒక పాత వ్యాసం దగ్గరికి పోవాలె.

1855లో ముక్తాబాయి అనే మాంగ్ కులపు పిల్ల, పద్నాలుగేళ్లది, 'జ్ఞానోదయ' అనే మరాఠీ పత్రికలో మాంగ్, మహర్ల దుఃఖం గురించి రాసింది. పుణెలో జోతిరావు, సావిత్రిబాయి ఫూలేలు నడిపిన బడిలో ఆమె చదివింది మూడేళ్లే. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం ద్వారా ఆ వ్యాసం ఇంగ్లీషులో మనదాకా వచ్చింది. దళిత స్త్రీ తొలి గొంతు అని దండం పెట్టి పక్కనపెట్టడం మామూలైంది గానీ, ఒక బడి ఏం చేయగలదో చెప్పే దస్తావేజుగా దాన్ని చదవడం తక్కువ.

ఆ పిల్ల ఏం రాసింది? వేదం తమదొక్కరిదేనని బ్రాహ్మణులంటే, ఆ గ్రంథమే లేని మాకు మతమేదని నిలదీసింది. భవనాల పునాదుల్లో తనవాళ్లను పూడ్చిన సంగతి రాసింది. నెత్తిమీద కప్పు లేకుండా ప్రసవించే ఆడవాళ్ల బాధ రాసింది. ఇవి పాఠ్యపుస్తకంలో దొరికేవి కావు, వాడ నుంచి తెచ్చుకున్నవి. బడి ఆమెకు అక్షరమిచ్చింది గానీ వాడను మరిచిపొమ్మనలేదు. మహర్లు కూడా మాంగులను తక్కువ చూస్తారన్న నిజాన్నీ ఆమె దాచలేదు. 1994లో దండోరా మొదలైనప్పుడు ఐక్యత చెడుతుందని మాదిగలకు సుద్దులు చెప్పిన మేధావులు ఈ మాటల దగ్గర కాసేపు ఆగి ఉండాల్సింది. ఇంగ్లీషు పాలనను ఆమె మెచ్చుకోవడం జాతీయవాదులకు మింగుడుపడదు. పీష్వాల రాజ్యం చూసిన వాడ పిల్ల ఇంకేం రాస్తది?

ఇక మన దగ్గరికొద్దాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకప్పుడు పదమూడేళ్లు. మేము గర్వపడ్డాం, ఇప్పటికీ పడతాం. కానీ గురుకులం ఐదో తరగతికి ప్రవేశపరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటది. సీటు రానోళ్లు ఊళ్లోని సర్కారు బడికే పోతారు. ఆ బడి ఎవరినీ కాదనడానికి లేదు. ఆరేళ్ల తర్వాత రెండింటి ఫలితాలూ పక్కపక్కన పెట్టి ఇది గెలిచింది, అది ఓడింది అంటే ఎట్లా? జల్లెడ పట్టినోడు పంట తానే తీసిన అన్నట్టుంటది.

ముక్తాబాయి రాసినట్టు ఇవాళ హాస్టల్ పిల్ల ఒకతె రాసిందనుకుందాం. పప్పు నీళ్లలెక్క ఉందని, జరమొచ్చినా ఇంటికి పంపలేదని, సారు కులం పేరుతో పిలిచిండని. ఆ కాగితాన్ని నోటీసుబోర్డు మీద పెడతారా, లేక తల్లిదండ్రులను పిలిపించి సంతకం తీసుకుంటారా? బడిని మేము ఇక్కడ కొలుస్తాం.

మన పాఠకుల్లో టీచర్లు చాలామంది ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలను 'మా వాడ' గురించి రాయమనండి. మార్కులు వేయకండి, తప్పులు దిద్దకండి. ఆ కాగితాలు మాకు పంపితే అచ్చేస్తాం. పేరు పెట్టాలో వద్దో మాత్రం పిల్లలే చెప్పాలె.