ఊఁ కొట్టేవాళ్లు

పెద్దవాళ్లు చెప్పే కథల్ని రికార్డు చేసుకుని, ఇంటికొచ్చి విని, కాగితం మీద పెట్టడం నాకు ఇష్టమైన పని. అందులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేది మాండలిక పదాలు కాదు. వాటి అర్థం ఆ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ మళ్లీ వినాల్సి వచ్చేది "ఊఁ".

ఒక్క అక్షరం. పెదవి విప్పకుండా కూడా అనొచ్చు. నోట్లో అన్నం ముద్ద ఉన్నా, పూలు కడుతూ పళ్లతో దారం పట్టుకున్నా దానికి అడ్డు లేదు. సాదాగా అంటే "వింటున్నాను, చెప్పు". చివర కాస్త పైకి లేపితే "ఆ తర్వాత?" తెగ్గొట్టినట్టు గట్టిగా అంటే చక్కెర డబ్బా మీదికి పోయిన పిల్లాడి చెయ్యి వెనక్కి వస్తుంది. కొడుకు పోయిన సంగతి చెప్పుకుంటున్న మనిషి ఎదుట, కిందికి దిగుతూ సాగే ఊఁ ఒకటుంది. ఓదార్పు అందామంటే అందులో ఓదార్చే తొందర లేదు. నీ పక్కనే ఉన్నానన్న సంగతి మాత్రం ఉంది.

పిల్ల ఊఁ అంటే సంబంధం ఖాయం. అదే ఊహూఁ అయితే పెళ్లివారు తిరుగు బండి ఎక్కాల్సిందే. 2021లో వచ్చిన 'పుష్ప' కోసం చంద్రబోస్ అవుననడాన్నీ కాదనడాన్నీ ఈ ఒక్క అచ్చు మీదే నడిపించి పాట కట్టాడు.

అయినా ఊఁ పుట్టిల్లు కథే అంటాను నేను. "ఊఁ కొట్టాలి మరి" అని షరతు పెట్టాకే అమ్మమ్మలు కథ ఎత్తుకునేవారు. దీపం తీసేశాక చీకట్లో పిల్లల మొహాలు కనపడవు. ఎవరు మేలుకున్నారో, ఎవరు జారుకున్నారో ఊఁలే చెప్పాలి. అవి చురుగ్గా వస్తుంటే ఏడు సముద్రాల్నీ ఒక్కొక్కటిగా దాటిస్తారు. పలచబడితే రాక్షసుడి ప్రాణం ఉన్న చిలక త్వరగా దొరికిపోతుంది. కథ ఎంత పొడుగుండాలో తేల్చేది వినేవాళ్లే.

బుర్రకథ ఈ పనికి ఏకంగా వేదిక మీదే చోటిచ్చింది. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఇద్దరూ అడుగుతూ, ఔనంటూ, కథకుణ్ణి ముందుకు తోస్తూ ఉంటారు. షేక్ నాజర్ అంతటి కథకుడి పక్కన కూడా వంతలు ఉండాల్సిందే.

ఊఁ తోబుట్టువు "ఆఁ?" సంగతి వేరు. 2013లో మార్క్ డింగెమాన్సే, మరో ఇద్దరు పరిశోధకులు 10 భాషల సంభాషణలు రికార్డు చేసి పరిశీలిస్తే, వినపడనప్పుడు అడిగే చిన్నమాట అన్నింటిలోనూ దాదాపు ఒకేలా ఉందని తేలింది. మన ఆఁ? కూడా ఆ కుటుంబంలోదే అనిపిస్తుంది. ఆఁ? అంటే చెప్పేవాళ్లు ఒక అడుగు వెనక్కి వేయాలి. ఊఁ వాళ్లని ముందుకు పంపుతుంది.

జానపద కథలు పుస్తకాలకెక్కేటప్పుడు మొదట రాలిపోయేది ఇదే. పేజీలు పెరుగుతాయన్న బాధ నాకు తెలుసు. కానీ ఊఁలు తీసేశాక అక్కడ ఒక్క మనిషే మిగులుతుంది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. కథలో సగం కొట్టేసినట్టే లెక్క. అందుకే ప్రతి ఊఁనీ విడి పంక్తిలో రాస్తాను. సాగినదాన్ని సాగదీసి, అది మనవరాలిదో పొరుగావిడదో పక్కనే గుర్తు పెడతాను. జానపద సాహిత్యం చదువుతూ ఊళ్లకు బయల్దేరే పిల్లల్ని నేను కోరేది కూడా అదే. రాసేటప్పుడు అరసున్న మరవకండి. మిగతా మాటల్లోంచి అది ఎప్పుడో రాలిపోయినా, ఇక్కడ ముక్కులోంచి ఇంకా పలుకుతూనే ఉంది. ఫోను కీబోర్డులోనూ దొరుకుతుంది.