అనువాదంలో అమానత్

షేఖ్ సాదీ (రహ్) 1258లో రచించిన గులిస్తాన్ మన మదర్సాలలో తరతరాలుగా చదివిన గ్రంథం. దాని ఐదవ అధ్యాయం ప్రేమను, యౌవనాన్ని గురించినది. పురుషునిపై పురుషుడు మనసుపడిన కథలు కొన్ని అందులో ఉన్నాయి. సుల్తాన్ మహమూద్‌కు అయాజ్‌పై గల ప్రేమ, హమదాన్ ఖాజీకి ఒక నాల్‌బంద్ కుమారునిపై గల మోహం అక్కడివే.

19వ శతాబ్దపు ఆంగ్ల అనువాదకులు కొందరు ఇటువంటి చోట్ల కుమారుణ్ణి కుమార్తెగా మార్చివేశారు. ఫార్సీలో ‘ఊ’ అనే సర్వనామానికి లింగభేదం లేదు. తెలుగులో ‘అతడు’, ‘ఆమె’లలో ఒకదానిని ఎన్నుకోక తప్పదు, క్రియ కూడా దానినే అనుసరిస్తుంది. మూలం తేల్చిచెప్పని చోట ఈ ఇబ్బంది నిజమైనదే. కాని సాదీ ‘పిసర్’ అని స్పష్టంగా వ్రాసిన చోట వ్యాకరణాన్ని సాకుగా చూపడం తగదు.

‘ఇది షరీఅత్ నిషేధించిన విషయం కదా, దాచితే తప్పేమి?’ అని కొందరు అడుగవచ్చు. సాదీకి షరీఅత్ తెలియక కాదు. ఆ కథలో రాజు ఖాజీని కోటపై నుండి త్రోయించబోతాడు. ఈ తప్పు చేసింది నేనొక్కణ్ణే కాదు, మరొకరిని త్రోయిస్తే చూచి నేను బుద్ధి తెచ్చుకుంటానని ఖాజీ అంటాడు. రాజు నవ్వి క్షమిస్తాడు. సాదీ చురక ఖాజీకే కాదు, వేలెత్తి చూపేవారికీ తగులుతుంది.

తీర్పు చెప్పడం ఫఖీహ్ పని. ఉన్నది ఉన్నట్లు అందించడం అనువాదకుని పని. ఇటువంటి మనుషులు మన చరిత్రలో లేనేలేరని, ఇదంతా పాశ్చాత్యుల దిగుమతి అని నమ్మే పాఠకుని అపోహకు ఈ దిద్దుబాట్లు బలమిస్తాయి. గులిస్తాన్‌ను తెలుగు చేసేవారు ‘కుమారుడు’ అనే వ్రాయాలి. చెప్పవలసినది ఉంటే క్రింద వివరణగా చేర్చవచ్చు.