గెజిట్లో ఒక గీత

మైలేజీ ఎంత ఇస్తుంది? కారు కొనబోయేవాళ్ళు షోరూంలో అడుగుపెట్టగానే అడిగే ప్రశ్న ఇది. సేల్స్‌మన్ చెప్పే అంకె వెనక ఇంజనీర్ల పనితనం ఉందని అందరికీ తెలుసు. ఆ ఇంజనీర్ల వెనక మరో పనితనం ఉంది. అది చట్టం రాసినవాళ్ళది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2014లో గెజిట్లో ప్రకటించి, 2015లో సవరించి, 2017-18 ఆర్థిక సంవత్సరం నుంచి అమలులో పెట్టిన ఇంధన వినియోగ ప్రమాణం ఒకే ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. 2022 ఏప్రిల్ నుంచి నడుస్తున్న రెండో విడతలో ఆ వరుస ఇది:

0.002 × (బ − 1145) + 4.7694

‘బ’ అంటే ఒక కంపెనీ ఆ ఏడాది మన దేశంలో అమ్మిన కార్ల సగటు ఖాళీ బరువు, కిలోల్లో. వచ్చే జవాబు ఆ కంపెనీ కార్లు నూరు కిలోమీటర్లకు సగటున ఖర్చు చేయదగిన పెట్రోలు, లీటర్లలో. డీజిలైనా సీఎన్‌జీ అయినా పెట్రోలు లెక్కలోకి మార్చి చూస్తారు. తొమ్మిది సీట్ల లోపు, మూడున్నర టన్నుల లోపు బండ్లన్నిటికీ ఇదే సూత్రం. పెనుకొండ దగ్గర తయారై ఇక్కడ అమ్ముడయ్యే కార్లయినా, గురుగ్రామ్‌లో తయారయ్యేవైనా ఈ లెక్కలోకి రావలసిందే.

పదో తరగతి పిల్లలు గ్రాఫు కాగితం మీద గీయగలిగే సరళరేఖ ఇది. కాని ప్రభుత్వం మనిషి ఇష్టాయిష్టాల్లోకి ఎంతవరకు రావచ్చు అనే పాత తగాదాకు ఇంత పొందికగా జవాబు చెప్పిన వాక్యాలు మన గెజిట్లలో తక్కువ. ఆ పొందికను విప్పి చూపించడమే ఈ వ్యాసం పని.

మొదట కొలత సంగతి. మనం లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతాం. చట్టం నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడుగుతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని అసలు కిటుకు ఇక్కడే ఉంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇద్దరిని తీసుకోండి. ఒకరి పెద్ద బండి లీటరుకు 10 నుంచి 12కి మెరుగుపడింది. ఇంకొకరి చిన్న కారు 20 నుంచి 25కి పెరిగింది. ఎవరికి ఎక్కువ మిగిలింది? ఐదు పెరిగిన కారుకని తోస్తుంది. లెక్క వేస్తే చిన్న కారుకు మిగిలింది పది లీటర్లు, పెద్ద బండికి దాదాపు పదిహేడు. దేశానికి కావలసింది పెట్రోలు మిగలడం. ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశం కిలోమీటర్ల గొప్పలు చూసుకుని మురిసిపోతే లాభం లేదు. అందుకే చట్టం లీటర్లనే పట్టుకుంది. పెద్ద బండిలో జరిగే చిన్న మెరుగుదలకు దాని అసలు విలువ దక్కింది.

రెండోది సగటు. ఈ ప్రమాణం ఏ ఒక్క కారు మీదా ఆంక్ష పెట్టదు. రెండు టన్నుల ఎస్‌యూవీ తయారు చేయవద్దని ఎక్కడా లేదు, కొనవద్దని అంతకన్నా లేదు. కంపెనీ ఏడాదిలో అమ్మిన బండ్లన్నిటినీ కలిపి చూస్తుంది. ఎక్కువ తాగేది ఒకటి అమ్మితే, తక్కువ తాగేవి ఇంకొన్ని అమ్మి సరిచేసుకోమంటుంది. ఎలా సరిచేసుకోవాలో చెప్పదు. ఇంజను మారుస్తావా, బ్యాటరీ జోడిస్తావా, సీఎన్‌జీ సిలిండరు పెడతావా, అది నీ ఇష్టం అంటుంది.

ఈ సగటు ఆలోచనకు పుట్టినిల్లు అమెరికా. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాక ఆ దేశం రెండు దారులు పట్టింది. మొదటిది 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన వేగ పరిమితి. దేశమంతా గంటకు 55 మైళ్ళు మించకూడదన్నది. అది నేరుగా డ్రైవరు కాలి మీద పెట్టిన ఆంక్ష. జనం దాన్ని ఇష్టపడలేదు, సరిగా పాటించనూ లేదు. 1995లో రద్దయింది. రెండోది 1975 డిసెంబరు 22న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన ఇంధన చట్టం. ఇది తయారీదారు సగటు మీద పెట్టిన ఆంక్ష. 1978 మోడల్ కార్లకు గాలనుకు 18 మైళ్ళు, 1985 నాటికి 27.5 మైళ్ళు, అంటే మన లెక్కలో లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లు. లోటు పడితే ప్రతి పదో వంతు మైలుకు, అమ్మిన ప్రతి కారుకు ఐదు డాలర్ల జరిమానా. ఈ చట్టం కొన్న మనిషి గడప తొక్కలేదు. కొన్ని ఐరోపా కంపెనీలు జరిమానా కట్టేసి తమ బరువైన కార్లు అమ్ముకుంటూనే పోయాయి, ఆ కార్లు కావాలన్నవాళ్ళు కొనుక్కుంటూనే ఉన్నారు. ఒకే ఆపదకు పుట్టిన ఈ రెండు నిబంధనల్లో ఏది నిలిచిందో చూస్తే, ఆంక్షను ఎవరి నెత్తిన పెట్టాలో తెలుస్తుంది.

ఆ చట్టంలో నాకు ముచ్చటేసే చోటు ఇంకొకటి ఉంది. అమెరికావాళ్ళు మైళ్ళలోనే కొలిచారు కదా, మరి ఇందాకటి లెక్కలో పొరపాటు పడలేదా? పడలేదు. సగటు ఎలా కట్టాలో చట్టంలోనే రాశారు. ఒక కంపెనీ రెండు కార్లు అమ్మింది, ఒకటి లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తుంది, ఇంకొకటి 30 ఇస్తుంది అనుకోండి. మామూలు సగటు 20. కాని రెండూ తలా 30 కిలోమీటర్లు తిరిగితే ఒకటి మూడు లీటర్లు, ఇంకొకటి ఒక లీటరు కాలుస్తాయి. నాలుగు లీటర్లకు 60 కిలోమీటర్లు, అంటే అసలు సగటు 15. ఈ రెండో రకం సగటును, గణితంలో హరాత్మక మధ్యమం అనేదాన్ని, శాసనంలో మాటల్లో రాసిపెట్టారు. అది లేకపోతే ఏ కంపెనీ అయినా అతి తక్కువ తాగే చిన్న కారు ఒకటి చూపించి, పది దుబారా బండ్లను దాని చాటున దాచేసేది.

ఫలితం దక్కింది. 1975లో గాలనుకు 13 మైళ్ళ చుట్టూ ఉన్న కొత్త వాహనాల సగటు 1987కి 22కు చేరింది. అప్పట్లో పెట్రోలు ధర పెరగడమూ ఇందులో పనిచేసింది, అంతా చట్టం గొప్పే అనడం న్యాయం కాదు. తర్వాత ఆ సగటు జారడం మొదలై 2004కు 19.3కు పడిపోయింది. కారణం చట్టంలోనే ఉన్న ఒక అతుకు. పొలం పనులకూ సరుకులకూ వాడే చిన్న ట్రక్కులకు విడిగా తక్కువ ప్రమాణం పెట్టారు. అప్పటికి అది సబబే. తీరా చూస్తే కుటుంబాలు తిరిగే బండ్లు ట్రక్కుల రూపం ఎత్తాయి. వెనక సీట్లు తీసేస్తే నేల చదునుగా వస్తుంది గనుక పీటీ క్రూజర్ అనే బుల్లి కారు కాగితాల మీద ట్రక్కయింది. సుబారు తన అవుట్‌బ్యాక్‌ను కాస్త ఎత్తు పెంచి ట్రక్కుల వరుసలో చేర్చింది. కంపెనీలు చేసింది చట్టవిరుద్ధమేమీ కాదు. నేతలో పోగు వదులైన చోటే గుడ్డ చిరుగుతుంది.

ఇంకొక లోపం మరింత బాధ పెట్టేది. అందరికీ ఒకటే అంకె పెడితే, దాన్ని అందుకునే సులువైన దారి కార్లను చిన్నవిగా, తేలికగా చేయడం. అమెరికా జాతీయ అకాడమీ కమిటీ 2002లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇలా కార్లు చిక్కిపోవడం వల్ల 1993 ఒక్క ఏడాదిలోనే 1,300 నుంచి 2,600 దాకా అదనపు మరణాలు జరిగి ఉండవచ్చు. కమిటీలో ఇద్దరు సభ్యులు దీనితో ఏకీభవించలేదు. అయినా ప్రశ్న నిలిచిపోయింది. కొనేవాడి స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్ళ వాదాల్లో నేను అన్నిటికన్నా గట్టిదని నమ్మేది ఇదే. చట్టం నేరుగా ఏదీ నిషేధించకపోయినా, నా పిల్లలను కూర్చోబెట్టుకునే బండిని అది చాటున కుదించగలదు.

ఈ లోపానికి మందుగా వచ్చింది వాలు గీత. అందరికీ ఒకటే అంకెను తీసేసి గీతను వాల్చారు. అమెరికా 2008 మోడల్ ట్రక్కుల నుంచి, 2011 మోడల్ కార్ల నుంచి చక్రాల నడుమ ఉండే వైశాల్యాన్ని బట్టి ప్రమాణం పెట్టింది. ఐరోపా బరువును ఎంచుకుంది. మనమూ బరువే ఎంచుకున్నాం.

ఇప్పుడు మన వరుస దగ్గరికి మళ్ళీ వద్దాం. కంపెనీ సగటు బరువు సరిగ్గా 1145 కిలోలైతే కుండలీకరణంలో సున్నా మిగులుతుంది. 4.7694 లీటర్లే దాని పరిమితి, అంటే లీటరుకు 21 కిలోమీటర్లు. సగటు 800 కిలోలైతే పరిమితి 4.08 లీటర్లకు దిగుతుంది, మైలేజీ ఇరవై నాలుగున్నర రావాలి. 1700 కిలోలైతే 5.88 లీటర్ల దాకా వెసులుబాటు, 17 కిలోమీటర్లు వస్తే చాలు. పెద్ద కార్లు చేసేవాడు చిన్న కార్ల వ్యాపారంలోకి దూకనక్కరలేదు. చిన్న కార్లు చేసేవాడు హాయిగా కూర్చోవడానికీ లేదు. ఎవరి పని వాళ్ళు చేస్తూనే దాన్ని మెరుగుపరచుకోవాలి.

మొదటి విడతలో ఈ సూత్రం 0.0024 × (బ − 1037) + 5.4922 గా ఉండేది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రాసినవాళ్ళ చెయ్యి కనిపిస్తుంది. మూడు అంకెలూ మారాయి, ప్రతి మార్పుకూ అర్థముంది. 1037 పోయి 1145 వచ్చింది. కార్ల బరువు పెరుగుతోందని ఒప్పుకోవడమది. 5.4922 తగ్గి 4.7694 అయింది. అంతా కలిసి బిగించుకోవలసిన మేర అది. 0.0024 తగ్గి 0.002 అయింది. నూరు కిలోల అదనపు బరువుకు ఇచ్చే మినహాయింపు 0.24 లీటర్ల నుంచి 0.2కు పడిపోయింది, బరువు పెంచి తప్పించుకునే ఆశ ఆ మేరకు తగ్గింది. 1145 కిలోల సగటున్న కంపెనీకి మొదటి విడతలో లీటరుకు 17.4 సరిపోయేది, ఇప్పుడు 21 కావాలి. చట్టానికి ఒక్క మాట కూడా అదనంగా చేర్చకుండా, మూడు అంకెలతో ఇంత పని చేశారు.

లోటుపాట్లు లేవని అనను. బరువును ఆధారం చేసుకోవడం వల్ల, కష్టపడి కారును తేలిక చేసిన కంపెనీకి దక్కిన లాభంలో కొంత పరిమితి కూడా తగ్గి వెనక్కి పోతుంది. చక్రాల నడుమ వైశాల్యాన్ని తీసుకుంటే ఈ నష్టం ఉండదు. ఒక ఎలక్ట్రిక్ కారును మూడు కార్లుగా లెక్కించే ఏర్పాటు కూడా ఉంది. కొత్త సాంకేతికతకు మొదట్లో చేయూత అవసరమే గాని, లేని కార్లు సగటులో చేరినంత కాలం ఆ సగటు చెప్పేది పూర్తి నిజం కాదు. 2022 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ మాత్రం గీతకు కోరలు ఇచ్చింది. నూరు కిలోమీటర్లకు 0.2 లీటర్ల లోపు మించితే బండికి పాతిక వేలు, అంతకు మించితే యాభై వేలు జరిమానా. అమెరికాలో మాత్రం 2025 జూలై 4న సంతకమైన చట్టం ఈ జరిమానాను సున్నా చేసింది. అక్కడ ప్రమాణం కాగితం మీద ఉంది, తప్పితే దండన లేదు.

నా డబ్బు, నా పెట్రోలు, మధ్యలో సర్కారు ఎందుకు అనేవాళ్ళ మాటను తీసిపారేయలేం. ఇంజను మెరుగుపరిచిన ఖర్చు చివరికి కారు ధరలోనే పడుతుంది. స్కూటరు అమ్మి మొదటి కారు కొనుక్కునే కుటుంబానికి అది బరువే. కాని కొనేవాడి స్వేచ్ఛ ఎక్కడిదాకా ఉంది? షోరూంలో ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవడం దాకా. సిలిండరు తల ఎలా ఉండాలో, గేరు పళ్ళు ఎన్ని ఉండాలో ఎవరూ అతన్ని అడగరు. అవన్నీ నాలుగేళ్ళ ముందే కంపెనీ గదుల్లో తేలిపోతాయి. ఈ చట్టం ఆ గదిలోకి వెళ్ళింది గాని షోరూంలోకి రాలేదు. పైగా కారు ఒకరి చేతిలో ఆగదు. కొత్తగా కొన్నవాళ్ళు కొన్నేళ్ళకు అమ్ముతారు. తర్వాత పదేళ్ళు పెట్రోలు పోయించేది సెకండ్ హ్యాండులో కొన్న చిన్న ఉద్యోగి, ఊళ్ళో ట్యాక్సీ నడుపుకునే మనిషి. ఆ కారు ఎంత తాగాలో తేలిన రోజున వాళ్ళకు మాట లేదు. వాళ్ళ తరఫున ఆ గదిలో కూర్చుంది ఈ ఒక్క వరుసే.

మూడో విడత 2027 ఏప్రిల్ నుంచి రావలసి ఉంది. 2025 సెప్టెంబరులో బయటికొచ్చిన ముసాయిదాలో 909 కిలోల లోపు చిన్న పెట్రోలు కార్లకు ప్రత్యేక మినహాయింపు చేర్చారు. దాని మీద కంపెనీలు రెండుగా చీలి వాదించుకున్నాయి. చిన్న కారు మీద భారం ఎక్కువైందన్న మాటలో నిజముంది. ఇప్పటికే ఇరవై నాలుగున్నర ఇవ్వవలసిన కారును ఇంకా పిండడం కష్టమే. అయితే దానికి మందు గీతలోనే ఉంది. వాలు ఇంకాస్త తగ్గిస్తే తేలిక కార్లకు ఊపిరి ఆడుతుంది, బరువైన కార్లకు బిగువు పెరుగుతుంది, గీత ఒక్కటిగానే ఉంటుంది. అలా కాక 909 దగ్గర గంటు పెడితే రేపు 908 కిలోల కార్లు వరుస కడతాయి. అమెరికా ట్రక్కుల అతుకు నేర్పిన పాఠం మన అధికారుల ముందే ఉంది. ఈ ప్రమాణం రాస్తున్నవాళ్ళకు నా విన్నపం ఒక్కటే: 0.002ను తగ్గించండి, గీతను విరవకండి.