రాత్రంతా చేతినిండా పని

షుగర్ గ్లైడర్‌ని పెంచుకోవాలనుంది, ఎక్కడ తీసుకోమంటారు అని అడిగేవాళ్లని నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ ఇంట్లో రాత్రి పదకొండు దాటాక ఎవరు మేలుకుని ఉంటారు? చాలామంది నవ్వేసి, "నాలుగు రోజులు పోతే అదే మన వేళలకి అలవాటు పడుతుందిలెండి" అంటారు. పడదు. పగలంతా గూటిలో ముడుచుకుని పడుకుని, చీకటి పడ్డాక బతుకు మొదలుపెట్టే ప్రాణి అది. మారాల్సింది మనం.

వీడియోల్లో చూసే ఉంటారు. అరచేతిలో ఇమిడిపోయే బూడిదరంగు ఒళ్లు, నుదుటి నుంచి వీపు మీదుగా సాగే నల్లటి చార, ముఖమంతా తానే అయిన కళ్లు. చొక్కా జేబులోంచి తొంగిచూస్తుంటే ఎవరికైనా ముద్దొస్తుంది. ఇక్కడ అమెరికాలో షాపింగ్ మాల్స్‌లోనూ ఎగ్జిబిషన్లలోనూ స్టాళ్లు పెట్టి మరీ అమ్ముతారు. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు పెట్ షాపుల్లోనూ దొరుకుతోంది. బరువు 80 నుంచి 160 గ్రాములు. బతికేది మాత్రం, బాగా చూసుకుంటే, పది పన్నెండేళ్లు. కొనేవాళ్లకి మొదటి అంకె కనిపించినంతగా రెండోది కనిపించదు.

చూడగానే ఉడుత అనుకుంటారు. మన తూర్పు కనుమల అడవుల్లోనూ ఎగిరే ఉడుతలున్నాయి కాబట్టి ఆ పొరపాటు సహజమే. కానీ రెంటికీ చుట్టరికం లేదు. చెట్టు నుంచి చెట్టుకి గాల్లో తేలిపోవాల్సిన అవసరం రెంటినీ ఒకేలా తీర్చిదిద్దిందంతే. గ్లైడర్ కంగారూల వర్గం, సంచిలో పిల్లని మోసే జాతి. కడుపులో ఉండేది పదహారు రోజులే. బియ్యపు గింజంత పిల్ల పుట్టి, తల్లి పొట్ట మీది సంచిలోకి తనంతట తానే పాకి వెళ్లి, అక్కడ సుమారు 70 రోజులు పెరుగుతుంది. బయటికొచ్చాక పిల్లని వెచ్చగా కాచుకోవడంలో తండ్రికీ వాటా ఉంటుంది. ముందు కాలి చిటికెనవేలి నుంచి వెనక కాలి బొటనవేలి దాకా పరుచుకున్న చర్మం దాని తెరచాప. కాళ్లు నాలుగూ చాచి దూకితే 50 మీటర్ల దాకా తేలుతూ పోగలదు.

ఆస్ట్రేలియా జంతువు అని అందరూ అంటారు, అది నిజమే. అయితే అమెరికా ఇళ్లలో ఉన్నవాటి జన్యువులు పరీక్షించి 2019లో పరిశోధకులు తేల్చిన విషయం వేరు: వీటి మూలం ఇండోనేషియాలోని పశ్చిమ పపువా, సోరోంగ్ పరిసరాలు. ఆస్ట్రేలియా తన అడవి జంతువుల్ని పెంపకం వ్యాపారానికి బయటికి పంపనివ్వదు. అంటే మనం పంజరంలో పెట్టుకుంటున్న ప్రతి గ్లైడర్ వెనకా ఏదో ఒక తరంలో పపువా అడవిలో పట్టుబడిన జంట ఉంది. ఇది తెలిసినప్పటి నుంచీ కొత్తగా పిల్లని కొనడం మీద నాకు ఇష్టం పోయింది. వద్దనుకున్నవాళ్ల దగ్గర్నుంచి దత్తత తీసుకోవడమే సరైన పని అన్నది నా స్థిరమైన అభిప్రాయం.

వద్దనుకునేవాళ్లకి కొదవ లేదు. రాత్రి రెండింటికి కుక్కపిల్లలా అరుస్తుంది. మగదానికి నుదుటి మీదా ఛాతీ మీదా వాసన గ్రంథులుంటాయి, తన గూటికీ తనవాళ్లకీ ఆ వాసన రాస్తుంది. ఎక్కడ పడితే అక్కడ మూత్రం పోస్తుంది, దానికి శిక్షణ ఇవ్వడం కుదరదు. ఇంట్లో బిడ్డ పుడుతుంది, అపార్ట్‌మెంట్ మారాల్సి వస్తుంది, వీసా అయిపోయి ఇండియాకి తిరిగెళ్లాల్సి వస్తుంది. మా ఇంటికొచ్చిన జంట అలా వచ్చిందే. తిరిగి వెళ్లిపోతున్న ఒక తెలుగు కుటుంబం పంజరంతో సహా అప్పగించి, కారెక్కే ముందు ఆ ఇంటావిడ కళ్లు తుడుచుకుంటూ, "అక్కా, రెంటినీ విడదీయకండి" అంది. ఆడది జువ్వి, మగది బుడ్డోడు. పేర్లు కూడా వాళ్లు పెట్టినవే, మేం మార్చలేదు.

ఆ అమ్మాయి చెప్పిన మాట కంటే ముఖ్యమైనది ఈ పెంపకంలో మరొకటి లేదు. గ్లైడర్లు అడవిలో చెట్టు తొర్రలో గుంపుగా ఒకదాన్నొకటి అంటుకుని పడుకుంటాయి. చలికాలంలో ఆ వెచ్చదనమే ప్రాణం నిలబెడుతుంది. ఒంటరిగా పెట్టిన గ్లైడర్ మొదట తిండి తగ్గిస్తుంది, తర్వాత బొచ్చు పీక్కుంటుంది, ఆఖరికి తన తోకనో కాలినో తానే కొరుక్కుంటుంది. ఆ గాయాలు చూసినవాళ్లెవరూ ఒక్కదాన్ని పెంచమని సలహా ఇవ్వరు. "మేం రోజూ ఆడిస్తాం కదా" అంటే సరిపోదు, మనం పడుకున్నాకే కదా దానికి తెల్లారేది. ఆడా మగా అయితే మగదానికి వెటర్నరీ డాక్టర్ చేత ఆపరేషన్ చేయించండి. పిల్లలు పుట్టడం ఆగుతుంది, వాసనా బాగా తగ్గుతుంది.

పెద్ద వయసువి మచ్చిక కావన్నది అమ్మేవాళ్లు పుట్టించిన మాట. అవుతాయి, తీరిక కావాలి. గ్లైడర్ మనిషిని ముందు ముక్కుతో గుర్తుపడుతుంది. అందుకే మనం ఒంటి మీద ఉంచుకున్న మెత్తటి గుడ్డముక్క ఒకటి వాటి పడక సంచిలో వేస్తాం. పగలు అవి నిద్రలో ఉండగానే ఆ సంచిని మెడకి తగిలించుకుని ఇంటిపని చేసుకుంటాం. మన గుండె చప్పుడు, గొంతు, చెమట వాసన వాటి నిద్రలో భాగమవుతాయి. మొదట్లో సంచి మీద చేయి పడితే చాలు, గరగరమని లోపల్నుంచి పెద్ద చప్పుడు వస్తుంది. అంత చిన్న ఒంట్లోంచి వచ్చే ఆ చప్పుడు వినే సగం మంది చేయి వెనక్కి లాక్కుంటారు. అది కోపం కాదు, భయం. చేయి కదపకుండా ఉంచి, నెమ్మదిగా మాట్లాడుతూ ఉంటే చాలు. సాయంత్రం పూట చిన్న గుడారంలాంటిది వేసి, దాంట్లో కూర్చుని, వేలికి కాస్త పెరుగు రాసుకుని వాటినే రానివ్వాలి. పట్టుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్న రోజు వాటికి గుర్తుంటుంది, వాటంతటవే ఎక్కిన రోజూ గుర్తుంటుంది. బుడ్డోడు ముందు వచ్చాడు. జువ్వి చాలాకాలం భుజం దాకా వచ్చి ఆగిపోయేది.

తిండి దగ్గరే ఎక్కువ గ్లైడర్లు పాడవుతాయి. పేరులో షుగర్ ఉందని పండ్లు పెట్టేస్తారు, లేదా ఏ ఎలుకల మేతో పోస్తారు. చాలా పండ్లలోనూ, మాంసంలోనూ పురుగుల్లోనూ ఫాస్ఫరస్‌తో పోలిస్తే కాల్షియం తక్కువ. ఆ లోటుని ఒళ్లు ఎముకల నుంచి లాక్కుంటుంది. ఒకరోజు పొద్దున వెనక కాళ్లు ఈడుస్తూ కనిపిస్తుంది. అప్పటికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. తిండిలో కాల్షియం ఫాస్ఫరస్ కంటే తక్కువ కాకూడదు, వీలైతే రెట్టింపు దాకా ఉండాలి. పెంపకందారులు ఎక్కువగా నమ్ముకునే మిశ్రమాల్లో ఒకటి ఆస్ట్రేలియా జూలలో లెడ్‌బీటర్స్ పాసమ్ అనే అరుదైన జంతువు కోసం తయారైనదాని నుంచి వచ్చింది. తేనె, పెంకుతో సహా రుబ్బిన గుడ్డు, పసిపిల్లల సిరియల్, కాల్షియం పొడి, విటమిన్లు అందులో ఉంటాయి. ఒకసారి చేసి ఐస్ ట్రేలో గడ్డకట్టించుకుంటే చాలా రోజులకి వస్తుంది. పక్కన కొద్దిగా కూరగాయలు, కొద్దిగా పండు. బొప్పాయి మంచిది, మొక్కజొన్న తక్కువే పెట్టాలి. చాక్లెట్, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి దగ్గరికి రానివ్వకూడదు. దత్తత తెచ్చుకున్నవాటికి మాత్రం పాత ఇంట్లో పెట్టిన తిండే ముందు పెట్టి, కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. ఇల్లూ మనుషులూ తిండీ ఒకేసారి మారిపోతే అవి తట్టుకోలేవు.

ఇంత చేసినా ఒక ముఖ్యమైన సంగతి మిగిలిపోతుంది. గిన్నెలో పెట్టిన తిండి కాసేపట్లో అయిపోతుంది. ఆ తర్వాత తెల్లారేదాకా ఏం చేయాలి? అడవిలో గ్లైడర్‌కి రాత్రంతా పనే. ముందుకి పొడుచుకొచ్చిన కింది పళ్లతో తుమ్మ, యూకలిప్టస్ చెట్ల బెరడు కొరికి, కారే రసం కోసం మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. ఎండిన బంకని గీరుకుంటుంది, పూలలో తేనె తాగుతుంది, వేసవిలో పురుగుల్ని వేటాడుతుంది. ఆ వెతుకులాటకే దాని చేతులు, పళ్లు, కళ్లు తయారయ్యాయి. పంజరంలో మనం తిండి ఇచ్చి, పని తీసేసుకుంటాం. నా దృష్టిలో ఈ పెంపకంలో అసలు నేర్చుకోవాల్సిన విద్య ఆ పనిని తిరిగివ్వడం.

మా అమ్మ ఒకసారి వచ్చి కొన్నాళ్లు ఉంది. మొదటి రాత్రి, "రాత్రుళ్లు తిరిగేవాటిని ఇంట్లో పెట్టుకున్నారేంటే!" అని కంగారు పడింది. నేను కొమ్మకి పూస్తున్న ముద్ద చూసి, "ఇది మన తుమ్మ బంకేగా" అంది. అవును, అదే. బాలింతలకి లడ్డూల్లో వేస్తారే, అలాంటి బంకే. నీళ్లలో నానబెట్టి, మందులు కొట్టని కొమ్మల పగుళ్లలో కూరి పెడతాను. రాత్రంతా దాన్ని గీరుతూనే ఉంటాయి. ఆ మర్నాటి నుంచి ఆ పని అమ్మే తీసుకుంది. బంకని ఒక్కచోట కాకుండా పైనా కిందా పది చోట్ల దాచడం, మీల్‌వార్మ్ పురుగుల్ని కాగితం పొట్లాల్లో చుట్టి వేలాడదీయడం ఆవిడ ఆలోచనే. పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని ఏ పొట్లం విప్పాయో, ఏది వదిలేశాయో చూసేది. ఇంతకంటే శ్రద్ధగా వాటిని గమనించినవాళ్లని నేను చూడలేదు.

పంజరం వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, మూడడుగుల ఎత్తు కనీసం ఉండాలి, ఊచల మధ్య అరంగుళానికి మించి సందు ఉండకూడదు. సంచులు కుట్టే గుడ్డ ఫ్లీస్‌లాంటిది కావాలి, దారాలు ఊడే గుడ్డలో గోళ్లు చిక్కుకుని కాళ్లు విరుగుతాయి. గదిలోకి వదిలేముందు ఫ్యాను ఆపాలి, టాయిలెట్ మూత వేయాలి. నీళ్లలో పడి పోయే గ్లైడర్లు ఎన్నో.

కాలిఫోర్నియా, అలాస్కా, హవాయి రాష్ట్రాల్లో వీటిని పెంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. తప్పించుకున్న చోట ఏం చేస్తాయో టాస్మేనియా చూపిస్తోంది. అక్కడికి మనుషులు తెచ్చిన గ్లైడర్లు చెట్టు తొర్రల్లో పొదిగే స్విఫ్ట్ ప్యారట్ అనే చిలకల్ని గూట్లోనే తినేస్తూ, ఆ జాతిని అంతరించే దశకి నెడుతున్నాయి. విసుగొచ్చి ఏ పార్కులోనో వదిలేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అలాగే, ఈ మోజులో మన అడవిలోని ఎగిరే ఉడుతనో, శేషాచలం వైపు కనిపించే దేవాంగ పిల్లినో ఎవరైనా తెచ్చి అమ్మజూపితే కొనకండి, అటవీశాఖకి చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ఇంట్లో ఉంచుకోవడం నేరం.

హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ అడిగే పాఠకులకి నా మాట ఇదే. ముందు కుక్కలూ పిల్లులూ కాక ఇలాంటి జంతువుల్ని చూసే డాక్టర్ మీ ఊళ్లో ఉన్నారేమో కనుక్కోండి, వెళ్లి స్వయంగా మాట్లాడండి. ఉంటే, ఎవరో వద్దనుకున్న జంటని వెతికి, రెంటినీ కలిపి తెచ్చుకోండి. లేకపోతే తీసుకోవద్దు.